గట్టు మీద చెప్పులు

నన్ను విలేకరిగా పంపమని అడగడానికి ఆయన కోలారు నుంచి స్కూటర్ వేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఆండర్సన్‌పేటలో బంగారు గని కార్మికుల క్వార్టర్ల లైన్లలో చివరి ఇల్లు మాది. గనులు అప్పటికే మూతబడ్డాయి. ప్రభుత్వం గనులను చేతుల్లోకి తీసుకున్న కొత్తలో పనిలో చేరిన మా నాన్న, అదే ప్రభుత్వం తాళాలు వేసేదాకా భూమి లోపలికి దిగుతూ ఎక్కుతూ బతికినవాడు. ఇప్పుడు పొద్దున్నే గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం తప్ప ఆయనకు వేరే పని లేదు. ఆడపిల్లను బస్సులెక్కి ఊళ్లు తిరిగే పనికి పంపడం ఆయనకు ఇష్టం లేదు.

వచ్చినాయన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఈ పాప నా చెల్లెలనుకో అప్పా. రాసే చెయ్యి ఉండాది. నేను చూసుకుంటాను" అన్నాడు. మా నాన్న కాసేపు రోడ్డు వైపు చూసి సరేనన్నాడు.

అంతకుముందు నేను చేసిందల్లా లైన్లలో నీళ్లు రావడం లేదనీ, వీధి దీపాలు వెలగడం లేదనీ పత్రికకు ఉత్తరాలు రాయడమే. అది ఒక తెలుగు దినపత్రిక. మా జిల్లాకు విడిగా ఒక పేజీ ఉండేది. ఆ పేజీ చూసుకునే పెద్ద విలేకరి ఈయన. చిన్నవాళ్లం అందరం ఆయన్ని అన్నా అని పిలిచేవాళ్లం. ఇప్పుడు ఇన్నేళ్ల తర్వాత కూడా ఆయన గురించి రాస్తుంటే నాకు వేరే మాట రావడం లేదు. అన్న అనే రాస్తాను.

అన్న నాకు నేర్పని పని లేదు. ముళబాగిలు టమాటా మండీకి తీసుకెళ్లి, ధర ఎంత అని అడగకముందు పంట ఎట్లుందని అడగాలని చెప్పాడు. బైరకూరులో బోర్లు ఎండిపోయినప్పుడు రైతుల ఇళ్ల ముందు కూర్చోబెట్టి, వాళ్లు చెప్పుకునేది పూర్తయ్యేదాకా కలం బయటికి తీయవద్దన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో బోండాలు కొనిపెట్టేవాడు. నేను రాసిన వార్తను నా ముందే ఎర్ర సిరాతో కొట్టేసి, మొదటి వాక్యం మళ్లీ రాయించేవాడు. "కథలు చెప్పొద్దు పాపా. వార్తంటే తల ముందు రావాల. పోయినోడెవురు, యాడ పోయినాడు, ఎందుకు పోయినాడు, అంతా మొదటి మాటలోనే ఉండాల" అనేవాడు.

ఇంకొక నియమం పెట్టాడు. మనకు సంగతి ఎవరు చెప్పారో పేపర్లో వేయనక్కర్లేదు, కానీ తనకు మాత్రం తెలియాలి. రేపు ఎవరైనా కోర్టుకు పోతే నిలబడాల్సింది తానే కదా అని. అది న్యాయంగానే తోచింది. నేను ఏనాడూ ఆయన దగ్గర ఏదీ దాచలేదు.

నాన్న కూడా మారాడు. పొద్దున్నే పేపర్ రాగానే నా పేరు ఎక్కడుందో వెతికించి, వార్త మొత్తం నాచేత పైకి చదివించుకునేవాడు. పక్కింటివాళ్లకు వినబడాలని కాస్త గట్టిగా చదవమనేవాడు.

ఒక వేసవిలో బేతమంగళ చెరువులో మా పేటకు చెందిన ఒకతను శవమై తేలాడు. పెళ్లై ఒక చంటిపిల్ల ఉన్న మనిషి. ఈతకు దిగి మునిగిపోయాడని అందరూ అన్నారు. గట్టు మీద అతని హవాయి చెప్పులు దొరికాయి. పోలీసులు ఆ చెప్పులు ఇంటికి అప్పజెప్పారు. నేను నాలుగు వాక్యాల వార్త రాయడానికి ఆ ఇంటికి వెళ్లాను.

అతని భార్య నాకంటే చిన్నది. చుట్టాలు ఉన్నంతసేపూ ఏమీ మాట్లాడలేదు. నేను లేచి వచ్చేస్తుంటే నీళ్ల బిందె తీసుకుని నా వెనకే కొళాయి దాకా వచ్చింది. అక్కడ ఎవరూ లేరని చూసుకుని చెప్పింది. మొగుడు కొద్దిరోజులుగా పాత గనిలోకి దిగుతున్నాడు. మూతబడిన సొరంగాల్లో రాగి కేబుళ్లు మిగిలిపోయి ఉన్నాయి. వాటిని కోసుకొచ్చి, రబ్బరు కాల్చి, రాగి తెచ్చిస్తే కొనే ఇనుప సామాన్ల వ్యాపారి ఒకడు పేటలోనే ఉన్నాడు. మనుషుల్ని దింపేది కూడా అతనే.

"లోపలికి పోయేటప్పుడు మాత్రమే వాళ్ల నాయన బూట్లు తొడుక్కుంటాడు. గని బూట్లు. పెద్దవని ముందర గుడ్డ కుక్కుకుంటాడు. ఆ పొద్దు గూడా అవే తొడుక్కోని పోయినాడమ్మా. చెరువుకు పోయేటోడికి బూట్లెందుకు? ఈ చెప్పులు ఆయనవి కాదు. చిన్నవి. వేళ్లు గూడా పట్టవు. నేను మా అత్తకు గూడా చెప్పలేదు. నీకే చెప్పతా ఉండాను" అంది.

ఎందుకు నాకే అని అడిగాను. రోజూ మా నాన్న చదివించుకునేది వాళ్లింటి వరకు వినబడుతుందట. నా పేరు ఆమెకు తెలుసు.

నేను బేతమంగళ వెళ్లి శవాన్ని బయటికి తీసినవాళ్లను కలిశాను. చొక్కా నిండా తుప్పు మరకలున్నాయనీ, అరచేతులు మసిబారి ఉన్నాయనీ వాళ్లు చెప్పారు. ఆండర్సన్‌పేటలో అతనితో పాటు లోపలికి దిగిన ఒక మనిషి, తన పేరు రాయనని ఒట్టు వేయించుకుని, లోపల గాలి ఆడక అతను పడిపోయాడనీ, పైకి తెచ్చేసరికే ప్రాణం పోయిందనీ, తర్వాత ఏం చేశారో తాను చూడలేదనీ చెప్పాడు. నేను ఒళ్లు మరిచి రాశాను. భార్య పేరు గానీ, చెప్పుల సంగతి గానీ అందులో పెట్టలేదు. వ్యాపారి మాట కోసం కింద కాస్త చోటు వదిలి, ఆ కాగితాలు కోలారు తీసుకెళ్లి అన్న చేతికిచ్చాను. నియమం ప్రకారం ఎవరు ఏం చెప్పారో, బూట్లూ చెప్పులతో సహా, మొత్తం నోటితో చెప్పాను.

అన్న చాలాసేపు చదివాడు. ఎర్ర సిరా పెట్టలేదు. ఆ రోజు నాకు అదే పెద్ద మెప్పు.

"శానా మంచి పని చేసినావు. ఆయప్ప మాట గూడా తీసుకోని రా. రెండు పక్కలా ఉంటేనే వార్త" అన్నాడు.

మరునాడు వ్యాపారి దుకాణానికి వెళ్లాను. వెనక పెరట్లో గడ్డిమోపుల్లా తుప్పు ఇనుము. ముందు గదిలో దేవుడి పటాలు, ఊదొత్తులు. నేను అరుపులకు సిద్ధపడి వెళ్లాను గానీ మనిషి మెత్తగా మాట్లాడాడు. కాఫీ తెప్పించాడు. ఆ అబ్బాయి ఒకటి రెండుసార్లు పని అడిగాడనీ, తాను లేదని పంపేశాననీ, పాపం ఇట్లా అవుతుందని ఎవరనుకున్నారనీ అన్నాడు. నేను రాసుకున్నాను. లేచి వస్తుంటే, ఓదార్చే గొంతుతో ఇంకో మాట అన్నాడు.

"మొగుడు పోయిన దుఃఖంలో ఆడమనిషి ఏమేమో అంటాది. చెప్పులు చిన్నవనిందంట. నీళ్లలో ఉబ్బిన కాళ్లకు ఏ చెప్పులైనా చిన్నవే గదమ్మా."

చేతిలో కాఫీ గ్లాసు ఇంకా వేడిగా ఉంది. గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను. ఎండలో నడుస్తూ, ఆమె ఇంకెవరికైనా చెప్పి ఉంటుందని నన్ను నేను నమ్మించుకోవడానికి ప్రయత్నించాను. నేరుగా ఆమె ఇంటికే వెళ్లి అడిగాను. పిల్ల మీద చెయ్యి పెట్టి, ఎవరికీ చెప్పలేదంది. నా ముఖంలో ఏం కనబడిందో, "ఎందుకడగతా ఉండావు?" అని భయపడింది. ఏమీ లేదన్నాను.

ఆమెకూ నాకూ కాక ఆ మాట తెలిసిన మనిషి లోకంలో ఇంకొక్కడే.

టెలిఫోన్ బూత్ నుంచి కోలారు ఆఫీసుకు ఫోన్ చేశాను. అన్న లేడు, పేజీ అచ్చుకు వెళ్లిపోయిందన్నారు. ఏం వెళ్లిందో ఎత్తినవాళ్లకు తెలియదు.

మరునాడు పొద్దున నాన్న ఎప్పటిలాగే కుర్చీలో కూర్చుని, నీ పేరుందమ్మా చదువు అన్నాడు. శీర్షిక కింద నా పేరు పెద్దగానే వేశారు. చదవడం మొదలుపెట్టాను. నా నోరు చదువుతూనే ఉంది. ఆండర్సన్‌పేటకు చెందిన యువకుడు బేతమంగళ చెరువులో ఈతకు దిగి ప్రమాదవశాత్తు మునిగి మృతి చెందాడు. గట్టుపై లభించిన చెప్పులు తన భర్తవేనని మృతుడి భార్య ఈ విలేకరికి తెలిపారు. అక్కడ ఆగిపోయాను.

"ఆయమ్మ అట్ల చెప్పిందా?" అన్నాడు నాన్న.

"లేదు నాయనా."

"నువ్వు రాసినావా?"

"లేదు."

ఆయన పేపర్ మడిచి పెట్టమన్నాడు. ఆ తర్వాత ఎన్నడూ నన్ను పేపర్ చదవమని అడగలేదు.

ఆమె దగ్గరికి పరుగెత్తాను. గుమ్మం పక్కన ఒక జత గని బూట్లు పెట్టి ఉన్నాయి. ముందటి సాయంత్రం వాళ్ల అత్త మంచం కింద దొరికాయట. ఆ మంచం కింద తానే చీపురు పెట్టి ఊడ్చానంది, అప్పుడు లేవట. మరిది అదే పొద్దున వ్యాపారి దుకాణంలో పనికి చేరాడు. ఇంట్లో అందరూ సర్దుకున్నారు. ఆమె ఒక్కతే పిల్లను చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. పేపర్‌లో ఏముందో పక్కింటివాళ్లు చదివి చెప్పారు.

నేను అది నా రాత కాదన్నాను. ఆమె వినలేదు. "నీ ఒక్కదానికే చెప్పినాను" అంది. మళ్లీ అదే మాట అంది. తిట్టలేదు. లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

కోలారు బస్సులో ఏమేం అనాలో కూడబలుక్కున్నాను. ఆఫీసు మెట్లెక్కేసరికి ఒక్కటీ గుర్తులేదు. అన్న కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. నిలబడే అడిగాను. నా పేరు ఎందుకు వేశావన్నా అని.

"నీ మంచికే. నువ్వే అట్ల రాసినావంటే ఇంగ వాళ్లు నీ జోలికి రారు. నిన్ను చెల్లెలని తెచ్చుకున్నాను. నీకేమన్నా అయితే మీ నాయనకు నేనేం చెప్పేది?"

"చెప్పుల సంగతి ఆయప్పకు ఎట్ల తెలిసింది?"

ఆయన కిటికీలోంచి బజారు వైపు చూశాడు. "ఈ ఊర్లో నేను ఉండాల పాపా. ఆయప్పా ఉండాల. పోయినోడు పోయినాడు" అన్నాడు. గొంతులో కాస్త కూడా తడబాటు లేదు. మళ్లీ కూర్చోమన్నాడు. అప్పుడే తెప్పించిన బోండాల పొట్లం నా వైపు జరిపాడు.

నేను దిగి వచ్చేశాను. ఆ వారం మా జిల్లా పేజీలో వ్యాపారి కొత్త దుకాణం ప్రకటన, పైన అతని ఫొటోతో వచ్చింది.

తర్వాత చాలా కాలం నేను ఇళ్లకు వెళ్లి పిల్లలకు ట్యూషన్లు చెప్పాను. పేటలో నా గురించి రెండు రకాలుగా అనుకునేవారు. కొందరికి నేను వ్యాపారికి అమ్ముడుపోయినదాన్ని. కొందరికి ఉద్యోగం నిలబెట్టుకోలేని దాన్ని. ఆమె మాత్రం నేను కనబడితే కొంగు సర్దుకుని పక్క సందులోకి తిరిగేది. కొన్నాళ్లకు పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

జరిగింది జరిగినట్టు రాస్తే వేసే పత్రిక లేదు. కథగా రాస్తే ఎవరూ అడ్డుపడరు కదా అని రాశాను. ఊరి పేరు మార్చాను, గని తీసేసి రాతి క్వారీ పెట్టాను. ఒక వారపత్రికకు పంపాను. అక్కడి సంపాదకుడు నేనిచ్చిన నంబరుకు, మా వీధి దుకాణానికి ఫోన్ చేశాడు. బెజవాడ వైపు మాట.

"అమ్మా, మీకు విషయం ఉంది. కానీ ఎవరు చనిపోయారు, ఎవరు చంపారు, ఎందుకు చంపారు, అంతా మొదటి పేరాలోనే చెప్పేశారు. ఇక రెండో పేరా నేనెందుకు చదవాలి?"

దుకాణం ముందు బియ్యం బస్తాల మధ్య నిలబడి నేను నవ్వలేకా ఏడవలేకా ఉండిపోయాను. ఆ మొదటి పేరా అన్న నేర్పింది. నా చెయ్యి ఇంకా ఆయన చెప్పినట్టే వింటోంది.

మళ్లీ రాయడానికి కూర్చున్నప్పుడు, చావు దగ్గర మొదలుపెట్టలేదు. ఒక భార్య తన ముందు పెట్టిన చెప్పుల జతను చూస్తూ ఉండటం దగ్గర మొదలుపెట్టాను. ఎవరికి ఏది తెలుసో, ఎప్పుడు తెలిసిందో, తెలిసినట్టు ఎవరు బయటపడతారో, అది మాత్రమే పట్టుకుని నడిపించాను. వ్యాపారి ముందుగదిలో కాఫీ గ్లాసుతో నిలబడ్డ క్షణంలో నాకు గుండె ఎట్లా జారిందో, చదివేవాళ్లకూ అక్కడ అట్లా జారాలని ఆ ఒక్క దృశ్యాన్ని ఎన్నిసార్లు తిరగరాశానో లెక్కలేదు. పాఠకుడు మొదటినుంచీ నమ్మిన మనిషి, అందరికీ మంచి చెప్పే ఒక పత్రికా విలేకరి, చివర్లో బయటపడతాడు. కథలో పోలీసులు వచ్చి అతన్నీ వ్యాపారినీ తీసుకుపోతారు. అది రాసిన సాయంత్రం నాకు సంతోషం కలగలేదు. అబద్ధం రాశానన్న బరువే కలిగింది.

సీరియల్‌గా వేశారు. వారం వారం జనం ఎదురుచూశారని సంపాదకుడు చెప్పాడు. నాన్న ఒకరోజు గొంతు సవరించుకుని, ఈ వారం ఏమైందో చదువు అన్నాడు. చదివాను. గట్టిగా చదవమని మాత్రం అనలేదు.

ఆ తర్వాత నవలలు వరసగా వచ్చాయి. సస్పెన్స్ రచయిత్రి అన్న పేరు వచ్చింది. ఒక సభలో ఒక కాలేజీ అమ్మాయి లేచి, మీ పుస్తకాల్లో ఎప్పుడూ దగ్గరివాళ్లే దోషులవుతారెందుకు, పదో పేజీకే కనిపెట్టేస్తున్నాం అంది. సభ నవ్వింది. ఇకమీదట జాగ్రత్తపడతానని నేనూ నవ్వాను. ఇంటికొచ్చి కొత్త నవలలో దోషిని మార్చాలని చూశాను. బయటివాడు ఎవడో వచ్చి చేసిపోయాడంటే నాకే నమ్మకం కుదరలేదు.

సీరియల్ అయిపోయిన చాలా ఏళ్లకు మొదటి నవల పుస్తకంగా వచ్చినప్పుడు కోలారులో సభ పెట్టారు. వేదిక మీద పెద్దల్లో అన్న ఉన్నాడని ఆహ్వానపత్రిక చూశాకే నాకు తెలిసింది. అప్పటికి పని మానుకున్నాడు, జుట్టు తెల్లబడింది. వెళ్లకుండా ఉండాల్సింది అనుకుంటాను గానీ, ఆయన ఆ పుస్తకం చదివి నా ముఖం ఎట్లా చూస్తాడో చూడాలని వెళ్లాను.

మైకు ముందు నిలబడి, ఈ పాపకు మొదటి వాక్యం రాయడం నేర్పింది తానేనన్నాడు. వాళ్ల నాయన పంపనంటే తానే వెళ్లి ఒప్పించానన్నాడు. చప్పట్లు కొట్టారు. అన్నీ నిజాలే. సభ అయ్యాక పుస్తకం చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఆ పేపరాయన పాత్ర శానా బాగా కుదిరింది పాపా. ఎవుర్ని చూసి రాసినావు?"

వేళాకోళమేమోనని కళ్లలోకి చూశాను. కాదు.

"నిన్ను చూసే అన్నా" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం కోసమే నేను ఇన్నేళ్లు రాశానేమో. తర్వాత పెద్దగా నవ్వాడు. పక్కన వెళ్తున్న మనిషి భుజం పట్టి ఆపి, "ఇది విన్నావా? నన్ను చూసి రాసిందంట" అన్నాడు. ఆ సాయంత్రం హాలు ఖాళీ అయ్యేదాకా అందరికీ అదే చెప్పుకున్నాడు. గర్వంగా చెప్పుకున్నాడు.

చెరువులో తేలినతని భార్యను నేను మళ్లీ చూసింది రైలులో. మారికుప్పం నుంచి బెంగుళూరుకు పనులకు వెళ్లేవాళ్లతో కిక్కిరిసిపోయే పొద్దుటి రైలు. నేను ప్రచురణకర్త దగ్గరికి వెళ్తున్నాను. ఎదురు బెంచీలో కూర్చున్న ఆమె పక్కన కాలేజీ బ్యాగు పెట్టుకున్న అమ్మాయి. చంకలోని పిల్ల ఇంత అయింది. ఆమే ముందు నన్ను గుర్తుపట్టింది. ఈసారి ముఖం తిప్పుకోలేదు. బెంగుళూరులో ఒక ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేస్తున్నానని చెప్పింది. మా నాన్న ఎట్లున్నాడని అడిగింది. పోయాడని చెప్పాను.

"నీ కథ మా వదిన చదివి వినిపించింది అప్పట్లో. వారం వారం" అంది.

నేను ఒళ్లోని సంచి కింద పెట్టి ముందుకు వంగాను.

"దాంట్లో ఆయమ్మకు ఎవురు చేసినారో తెలిసిపోతుంది. పోలీసులు గూడా వస్తారు."

"అవును."

"బాగుండాది" అంది.

అప్పుడు నేను మొత్తం చెప్పాను. ఆ వార్త నేను రాయలేదనీ, నేను రాసింది తీసేసి నా పేరుతో వేరేది వేశారనీ, చెప్పుల సంగతి ఎవరు మోశారో, ఆయన ఇప్పుడు ఎక్కడ ఉంటాడో, అన్నీ. చుట్టూ జనం వింటున్నారన్న ఆలోచన కూడా లేదు. ఆమె కిటికీ బయటికి చూస్తూ చివరిదాకా వింది. నేను ఆపాక నా వైపు తిరిగింది.

"ఆయప్ప ఎవురో నాకు తెలీదమ్మా. నేను ఎప్పుడూ చూసింది గూడా లేదు. నాకు తెలిసింది నువ్వు."

కోపంగా అనలేదు. దారి అడిగినవాళ్లకు దారి చెప్పినట్టు అంది. తర్వాత టిఫిన్ డబ్బా తీసి, కూతురికి రెండు ఇడ్లీలు పెట్టి, మూతలో ఒకటి వేసి నా వైపు చాచింది. తీసుకుని తిన్నాను. ఆ పిల్ల, ఎవరమ్మా ఈమె అని మెల్లగా అడిగింది. మన పేటలోనే ఉండేది అని ఆమె జవాబు చెప్పింది.

కృష్ణరాజపురంలో తల్లీ కూతుళ్లు దిగి జనంలో కలిసిపోయారు. నేను కంటోన్మెంటు దాకా వెళ్లాలి. వాళ్లు ఖాళీ చేసిన చోట ఇంకెవరో కూర్చున్నారు, రైలు కదిలింది.